సర్వీసింగ్ చక్రం

కారు టైరు వేసిన బండికి వారంటీ ఉండదు. ఈ ఒక్క మాట నారాయణగూడలో ఒక మోటార్ సైకిళ్ల సర్వీస్ సెంటర్ కౌంటర్ వెనక కూర్చుని ఎంతమందికి చెప్పానో నాకే గుర్తులేదు. చెప్పేటప్పుడు గొంతు కాస్త బరువుగా పెట్టేవాణ్ణి. ఆఫీసరు కావాలని ఊరి నుంచి వచ్చినవాణ్ణి కదా, ఆ దర్జా ముందే సాధన చేస్తున్నానని హాస్టల్లో ఆటపట్టించేవారు. వాళ్లు అన్నది అబద్ధమేమీ కాదు.

నేను అశోక్ నగర్ వచ్చింది 2010లో. గదికి నలుగురం, గోడ నిండా మ్యాపులు, గ్రూప్స్ నోటిఫికేషన్ ఇవాళో రేపో అన్న కబుర్లు. ఏడాది గడిచినా అది రాలేదు. ఇంటికి ఫోన్ చేసి ఇంకో ఆర్నెల్లు ఆగమని చెప్పడానికి ముఖం చెల్లక ఈ ఉద్యోగంలో చేరాను. వారంటీ కింద ఉచితంగా మార్చాల్సిన భాగాలకు కాగితాలు రాసి కంపెనీకి పంపడం నా పని. చేరిన రోజున సీనియర్ ఒకాయన వారంటీ పుస్తకం నా చేతిలో పెట్టాడు. దాన్ని చదవనక్కర్లేదని చెప్పింది కూడా ఆయనే. బండి మీద కంపెనీది కానిది ఏది కనపడినా వారంటీ పోయిందని చెప్పెయ్, నీకూ నాకూ తలనొప్పి ఉండదన్నాడు. నా ప్రాణానికి హాయిగా అనిపించింది. చదవాల్సిన పుస్తకాలు గదిలో నడుము ఎత్తున పేర్చి ఉన్నాయి. ఈ ఇరవై పేజీలది కౌంటర్ సొరుగులో పడేశాను.

మా హాస్టల్ బాత్రూముల్లో టైల్స్ వేయడానికి ఒక మేస్త్రి వచ్చాడు. పాలమూరు వైపు మనిషి, నలభైకి అటూ ఇటూ. భార్య సిమెంటు కలిపి అందిస్తే ఆయన టైల్స్ పరిచేవాడు. ఎప్పుడో గోడకు కట్టిన సారవ కర్రల మీద నుంచి పడి ఎడమ కాలు విరిగిందట, అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. నడుస్తుంటే ఆ కాలు ఒక లిప్త వెనక వచ్చేది. ఆయన దగ్గర కాళ్లు ముందుకు చాపి కూర్చునే పొట్టి సీటు బండి ఉండేది. కాలేజీ కుర్రాళ్లు షోకుకు కొనే బండి అది. ఈయన షోకుకు కొనలేదు. మామూలు బండెక్కితే ఎడమ కాలు నేలకు ఆనదు, సిగ్నల్ దగ్గర పక్కకు ఒరిగిపోతాడు. ఆయన నడపగలిగిన బండి ఊళ్లో అదొక్కటే. వెనక భార్య, ఆమె ఒళ్లో టైల్స్ కోసే మెషీన్, పక్కన వేలాడే తాపీలూ రబ్బరు సుత్తీ. ఇంత సరంజామాతో సిటీ బస్సెక్కలేరు కాబట్టి ఆ బండి ఉంటేనే దూరాన పని, పని ఉంటేనే ఇల్లు.

అంత బరువుకు వెనక టైరు ఆర్నెల్లకే బోడి గుండయ్యేది. ఆ బండి వెనక చక్రం పదిహేను అంగుళాలది. పాత అంబాసిడర్ కార్ల చక్రం కొలత కూడా అంతే. ఈ సంగతి కంపెనీ ఎక్కడా రాయదు గానీ చిక్కడపల్లి సందులో టైర్ల షాపాయనకు నోటికి వచ్చు. మడ్‌గార్డ్ బిగించే పట్టీని కాస్త వంచి, చెయిన్‌కు తగలకుండా వేలెడు సందు చూసుకుని, కారు టైరు ఎక్కించేవాడు. మేస్త్రి కూడా ఎక్కించుకున్నాడు. బండి టైరు అంచులు మలుపులో వాలడానికి గుండ్రంగా ఉంటాయి. కారు టైరు పీటలా చదును. మలుపు దగ్గర బండి తిరగనని మొండికేస్తుంది, వానలో జారిందంటే ఇంతే సంగతులని ఆయనకు చెప్పాను. నేను మలుపుల బండి వంచి కొట్టేటోణ్ణా తమ్మి అని నవ్వాడు. సిగ్నల్ దగ్గర బండి తనంతట తనే నిలబడ్డట్టు ఉంటుందని, ఆ కాలికి ఎంతో ఆసరా అని చెప్పాడు. నవ్వుతున్నవాడి దగ్గర నా పాత వాక్యం తీశాను. వారంటీ పోయింది అన్నా అని.

ఆయన ముఖం మాడిపోయింది. బండి కొని ఏడాదే అయింది, ఇంకో ఏడాది వారంటీ ఉందని ధైర్యంగా ఉన్నాడు. చేతిలో తాపీ కింద పెట్టి అడిగాడు.

"తమ్మి, ఏదన్న ఉపాయం జెప్పు జర."

ఉపాయం నాకు తెలుసు. తెలిసినందుకు గర్వం కూడా ఉండేది. టైర్ల షాపులో మేకుకు ఒక చక్రం వేలాడుతూ ఉండేది. ఆ బండికి కంపెనీ ఇచ్చే అసలు చక్రం, అసలు టైరు. ఎక్కడో గుద్దుకున్న బండి నుంచి తీసిపెట్టాడు. కారు టైరు వేయించుకున్నవాళ్లు ఫ్రీ సర్వీసింగ్ రోజున తమ చక్రం అక్కడ వదిలి, దాన్ని బిగించుకుని మా సెంటర్‌కు వచ్చేవారు. సాయంత్రం తిరిగి ఇచ్చేసేవారు. దాని పేరే సర్వీసింగ్ చక్రం. రిమ్ము మీద ఎర్ర పెయింటు మరక ఒకటి ఉండేది. వారానికొకసారి వేరే వేరే బండ్ల కింద అదే మరక కనిపిస్తే నేనూ మెకానిక్కులూ నవ్వుకుని ఊరుకునేవాళ్లం. మేస్త్రికి ఆ షాపు సంగతంతా చెప్పి, ఏ పనికి వచ్చినా ఆ చక్రంతోనే రమ్మన్నాను. ఆయన నా చేయి పట్టుకుని, సదువుకున్నోళ్లు పక్కనుంటే ఎంత ధైర్యమో అన్నాడు. రెండు సర్వీసింగులు అలాగే గడిచాయి.

2012 ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఆయన దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. లోయర్ ట్యాంక్ బండ్ మీద బండి ఆగిపోయింది, ఇంజన్లో ఏదో పట్టేసింది, కిక్కు కూడా కదలడం లేదు. మియాపూర్‌లో అపార్ట్‌మెంట్ల పని ఒప్పుకున్నాడు, నాలుగు నెలల పని, సోమవారం మొదలుపెట్టాలి. నేను ఆయన కంగారు సగమే విన్నాను. నా బుద్ధి మొదట చక్రం మీదికి పోయింది.

"అన్నా, ముందుగాల చిక్కడపల్లి పో. చక్రం మార్చుకోని రా. అట్లనే తెస్తే ఏం చెయ్యలేం" అన్నాను.

లోయర్ ట్యాంక్ బండ్ నుంచి చిక్కడపల్లి, అక్కడ చక్రం మార్చుకుని నారాయణగూడ. ఆయన హ్యాండిల్ పట్టుకుని, ఆమె వెనక నుంచి నెడుతూ, మెషీన్ సీటుకు తాడుతో కట్టి, ఆ ఎండలో తోసుకుంటూ వచ్చారు. రెండున్నర గంటలు పట్టింది. గేటు దాటేసరికి ఆయన ఎడమ కాలు పూర్తిగా ఈడుస్తున్నాడు. ఆమె గోడ నీడకు పోయి కూలబడింది. ఆయన మాత్రం నా వైపు చూసి, చెప్పినట్టే చేశానన్నట్టు వెనక చక్రం మీద చెయ్యి వేసి చూపించాడు. నేను కన్ను గీటాను. ఆ కన్ను గీటడం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఇంజన్ పెద్ద భాగం కాబట్టి కంపెనీ ఇంజనీరు స్వయంగా చూడాలి. శనివారం వచ్చాడు. మేస్త్రిని కూడా పిలిపించాను. ఇంజనీరు ఇంజన్ పైభాగం విప్పించి, నూనె పైకెక్కే సన్నటి దారిని టార్చి వేసి చూశాడు. అందులో లోహపు రజను అడ్డం పడి ఉంది. ఫ్యాక్టరీలో సరిగా కడగకుండా బిగించారు, ఇది మా తప్పే, పైభాగం మొత్తం మార్చి ఇస్తామన్నాడు. మేస్త్రి రెండు చేతులూ జోడించాడు. సోమవారానికి కాకపోయినా బుధవారానికి బండి చేతికొస్తుందని నేను లెక్క వేసుకున్నాను.

కాగితం మీద ఆఖరి గడి టైర్లది. ఇంజనీరు వంగి వెనక టైరు పక్కన దుమ్ము తుడిచాడు. ప్రతి టైరు మీదా అది తయారైన వారం, సంవత్సరం అంకెల్లో ఉంటాయి. ఈ టైరు తయారైంది బండి అమ్మిన తర్వాతి ఏడాది. పైగా నూలుపోగుల్లాంటి రబ్బరు వెంట్రుకలు ఇంకా దాని మీద అలాగే ఉన్నాయి. ఆయన వంగిన మడ్‌గార్డ్ పట్టీ చూశాడు, చక్రం రెండు పక్కలా ఇనుము మీద ఏదో లావుపాటిది రాసుకున్న గీతలు చూశాడు. ఈ టైరు ఎప్పుడు వేయించావని మేస్త్రిని అడిగాడు.

మేస్త్రి నా వైపు చూశాడు. నేను చేతిలో కాగితం వైపు చూశాను.

"అబద్ధమెందుకు సార్, ఈ చక్రం నాది గాదు. నా దానికి కారు టైరుంటది" అన్నాడు ఆయన.

ఇంజనీరు నడుము నిటారు చేసి చేతుల దుమ్ము దులుపుకున్నాడు. తర్వాత ఆయన అన్న మాట మేస్త్రితోనే అన్నా, నాకు సూటిగా తగిలింది.

"కారు టైరుకు, ఇంజన్ల ఆయిల్‌కు ఏం సంబంధమన్నా? అట్లనే తెస్తే పాస్ చేసెటోణ్ణి గదా."

వారంటీ పుస్తకం తెమ్మని నన్ను పంపాడు. సొరుగులోంచి తెచ్చాను. ఒకదానికొకటి అంటుకున్న పేజీలు విడదీసి నా చేతే గట్టిగా చదివించాడు. కంపెనీ ఒప్పుకోని భాగం వేస్తే, ఆ భాగం వల్ల చెడిపోయిన వాటికి మాత్రమే వారంటీ ఉండదు. కారు టైరు వల్ల చక్రం బేరింగు పోయినా, చెయిన్ పోయినా, బ్రేకు పోయినా మన ఖర్చు. మిగతా బండికి వారంటీ ఎక్కడికీ పోదు. దాని కిందే ఇంకో రెండు వరుసలు ఉన్నాయి. పరీక్షకు తెచ్చేముందు భాగాలు మార్చి, ఉన్న స్థితిని దాచితే మొత్తం వారంటీ రద్దు. ఇంజనీరు మంచివాడే. చక్రం మార్చినోళ్లు ఇంకేం మార్చారో నాకెట్ల తెలుస్తది, సంతకం పెడితే నా మెడకు చుట్టుకుంటదని నొచ్చుకుంటూనే చెప్పాడు. కాగితం మీద అడ్డంగా గీత కొట్టాడు. కొట్టి, చక్రం మార్చి తెమ్మని నీకు ఎవరు చెప్పారని మేస్త్రిని అడిగాడు.

"ఎవ్వలు జెప్పలే సార్. నా తెలివే."

నాకు నోరు పెగల్లేదు. పెగల్చలేదు అనడమే న్యాయం. నేనే చెప్పానని ఒక్క మాట అంటే ఇంజనీరు మనసు మారేదో లేదో తెలియదు, నా ఉద్యోగం మాత్రం ఆ సాయంత్రమే పోయేది. ఇంటికి మళ్లీ ఫోన్ చేయాల్సి వచ్చేది. ఇదంతా ఆ కాస్త సేపట్లోనే లెక్క కట్టాను. మేస్త్రి గేటు దాకా నడిచి వెళ్తుంటే వెనక నుంచి చూస్తూ నిలబడ్డాను.

ఆ పుస్తకం ఆ రోజే మొత్తం చదివాను. అరగంట పట్టింది. సోమవారం నుంచి కౌంటర్లో సరైన మాట చెప్పడం మొదలుపెట్టాను. ఇంజన్‌కు వారంటీ ఉంది, చక్రం మార్చకుండా అట్లాగే తెండి అని. పోయినసారి నువ్వే లేదన్నావు కదయ్యా అని ఒకాయన కౌంటర్ మీద గుద్ది అడిగాడు. నేను రశీదు పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాను.

మేస్త్రి బండి బాగుచేయించలేదు. బయట చేయించే తాహతు లేక కాచిగూడలో ఎవరికో విడిభాగాల కింద ఇచ్చేశాడని టైర్ల షాపాయన చెప్పాడు. మియాపూర్ పని వేరేవాళ్లకు పోయింది. రెండు వారాలకు అశోక్ నగర్ మెయిన్ రోడ్డు మీద వాళ్లిద్దరినీ చూశాను. నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే పనులు వెతుక్కుంటున్నారు. టైల్స్ కోసే మెషీన్ ఆమె నెత్తి మీద ఉంది. చుట్టకుదురు పెట్టుకుని, ఒక చేత్తో మెషీన్ పట్టుకుని, ఇంకో చేత్తో తాపీల సంచి మోస్తూ, ఆయన నడకకు తగ్గట్టు ఆగి ఆగి నడుస్తోంది. నేను జిరాక్స్ షాపులోకి తప్పుకున్నాను.

ఆ ఆదివారం ఇక ఉండబట్టలేక బాగ్ లింగంపల్లి వెనక బస్తీలో వాళ్ల గదికి వెళ్లాను. ఆమె బియ్యం ఏరుతోంది. నన్ను చూసి లోపలికి రమ్మని అంది, అంతే, మళ్లీ తలెత్తలేదు. ఆయన గడప మీద కూర్చుని కాలికి నూనె రాసుకుంటున్నాడు. నిలబడే మొత్తం చెప్పేశాను. తప్పు నాది, ఇంజనీరుకు ఫోన్ చేసి నేనే చక్రం మార్చమన్నానని ఒప్పుకుంటానన్నాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"ఇప్పుడు జెప్తే ఏమొస్తది తమ్మి? బండి అమ్మేస్తి. ఉత్తగ నీ నౌకరి పోతది. కూసో" అన్నాడు.

కూర్చున్నాను. ఆయన నూనె గిన్నె పక్కన పెట్టి, మనసులో చాలా రోజులుగా నలుగుతున్నది అడిగాడు. ఆ పుస్తకం నా దగ్గర ఎన్నాళ్ల నుంచి ఉందని.

చేరిన రోజు నుంచీ ఉందని చెప్పాను. చదవలేదని కూడా చెప్పాను.

ఆయనకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. నమ్మలేనట్టు నా ముఖంలోకి చూసి, నెమ్మదిగా అన్నాడు.

"మీ హాస్టల్ల పని జేసినన్ని దినాలు జూసిన. పొద్దుగాల లేస్తే చేతుల బుక్కే ఉంటుండె నీకు. గందుకే నిన్ను అడిగిన."