కాక అడిగిన జాగ

మొన్న గురువారం రాయికోడ్ నుంచి కాక కొడుకు ఫోన్ చేశాడు. "నాయిన పోయిండు" అన్నాడు. మళ్లీ తనే, "నిద్రలనే" అన్నాడు. ఫోన్ అతనే పెట్టేశాడు.

ఆయన నాకు బంధువు కాదు. జహీరాబాద్‌లో అల్లం కొనే దుకాణంలో పద్దులు రాసే నేను, ఒక గొడవ కేసులో కొన్నాళ్లు జైల్లో ఉన్నాను. తర్వాత ఆ కేసు కొట్టేశారు. పొలం గట్టు తగాదాలో వచ్చిన ఆయనది నా పక్క చోటు. బ్యారక్ అంతా ఆయన్ని కాకా అనే పిలిచేది.

ముప్పై మందికని కట్టిన గది. అంతకు రెండింతలు, ఒక్కోసారి మూడింతల మందిమి ఉండేవాళ్లం. అందరూ ఒకే పక్కకు ఒరిగి పడుకోవాలి. ఒకరు తిరగాలంటే వరుసంతా తిరగాలి. "తిరుగుండ్రి!" అని కేక వేసేది కాకే. ఎవరైనా గొణిగితే, "అత్తగారిల్లా బిడ్డా, కాళ్లు చాపనీకి?" అనేవాడు. కొత్తగా వచ్చినవాడు ఏడిస్తే గోడ పక్క చోటు వాడికిచ్చి తను నడుమకు వచ్చేవాడు. మొదటి వారం నాకూ ఇచ్చాడు.

కాక అల్లం రైతు. ఒకరోజు అన్నాడు: "అల్లం ముక్కకైనా జానెడు జాగ ఇడుస్తం. దగ్గర దగ్గర పెడితే కుళ్లుతది. మనిషికి ఇడవరాదా?"

ఆ మాటే కోర్టుకు ఉత్తరమైంది. ఆయన చెప్పాడు, నేను రాశాను. 'మాకు జాగ కావాలె' అని తన మాటనే పెట్టమన్నాడు. సంతకం ఆయనదొక్కటే. నా బెయిలు సంగతి నేను ఎత్తకముందే, "నువ్వు పెట్టకు, బెయిలు ఆగుతది" అన్నాడు.

ఆ ఉత్తరం ఏ ఆఫీసులు తిరిగిందో, నెల తర్వాత జవాబు వచ్చింది. ఇంటి జాగ కోసమైతే తహసీల్దారుకు దరఖాస్తు పెట్టుకోవాలని ఎవరో గుమాస్తా రాశాడు. బ్యారక్ పడీ పడీ నవ్వింది. "పట్టా గూడ ఇస్తరేమో అడుగుదాం" అని కాక కూడా నవ్వాడు. తర్వాత చాలాసేపు తల ఎత్తలేదు. ఈసారి 'పడుకునే చోటు' అని రాశాం. హైదరాబాద్‌లో ఒక వకీలమ్మ దాన్ని కేసుగా వేసింది.

జడ్జి చూడడానికి వచ్చిన రోజు, పొద్దున్నే మాలో సగం మందిని వంటశాల వెనక్కి తరలించారు. "రోజూ ఇంతమందేనా?" అని జడ్జి అడిగారు. ఎవరూ పలకలేదు. ఏ రోజు ఎంతమంది పడుకున్నామో నా నోట్‌బుక్‌లో ఉంది. పద్దు రాయనిదే నాకు పొద్దు పోదు. ఆ పుస్తకం నా చొక్కా లోపలే ఉంది.

దాని సంగతి తెలిసిన కాక నావైపు చూడనైనా లేదు. గది సగం ఖాళీగా ఉన్నా, నేలమీద పక్కకు ఒరిగి ముడుచుకున్నాడు. "గిట్ల పండుకుంటం సార్. తుంటిబొక్క నొస్తది. సచ్చేలోపు ఒక్క రాత్రన్న ఎల్లెలకల పండాలని ఉంది" అన్నాడు.

నేను పుస్తకం తీయలేదు. లెక్క తేలక కేసు వాయిదా పడింది.

తర్వాతి వారం నాకు బెయిలు వచ్చింది. భయం తీరి ఆ పుస్తకాన్ని వకీలమ్మ చేతికి ఇవ్వడానికి మూడు నెలలు పట్టింది. అది చూశాకే, గదికి తగినంతమందినే ఉంచాలని కోర్టు చెప్పింది. ఆ మూడు నెలలూ కాక తుంటి మీదే పడుకున్నాడు.

విడుదలయ్యాక ఒకసారి దుకాణానికి అల్లం తెచ్చాడు. కుంటుతున్నాడు. తప్పయిందని చెప్పకుండా నేను ఆయన అల్లం తూకం పద్దులో రాసుకున్నాను. తనే అన్నాడు: "ఫికర్ జెయ్యకు. లేటైతే అయింది, ఇచ్చినవ్ గద. ఆఖరి పది రోజులు రాజులెక్క పండుకున్న." టీ తాగి, లారీల మధ్య నుంచి రోడ్డు దాటిపోయాడు.

ఫోన్ వచ్చిన మరునాడు రాయికోడ్ వెళ్లాను. ఆ బ్యారక్‌లో ఉన్నవాళ్లు ఇంకో ముగ్గురు వచ్చారు. ఇంటి ముందు పెద్ద జంపఖానా పరిచి ఉంది. మేం నలుగురం ఒక అంచున, భుజాలు తగిలేలా కూర్చున్నాం. కాక కోడలు నీళ్లు తెచ్చి, "గంత ఇరుకుగ ఎందుకు కూసున్నరన్నా? మస్తు జాగ ఉంది, జర జరుగుండ్రి" అంది.

తలూపాం. ఎవరమూ జరగలేదు.