తూకాలాయన గీజరు

బస్సు చక్రం పంచరై రోడ్డు పక్కన ఆగిపోయింది. దిగినవాళ్లలో సగంమంది డ్రైవరుకి సలహాలు చెబుతున్నారు, మిగతా సగం నీడ వెతుక్కుంటున్నారు. నేను కల్వర్టు గట్టు మీద కూర్చున్న ఒక మనిషిని చూస్తున్నాను. అరవై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, మోకాళ్ల మధ్య ఒక అట్టపెట్టె. నా చూపు పడగానే పెట్టెని అవతలి పక్కకి జరిపాడు. నేను అటు నడిస్తే ఇటు జరిపాడు. ఏళ్ల తరబడి ఊళ్లు పట్టుకు తిరిగేవాణ్ణి, నన్ను దొంగ అనుకోవడం నాకు కొత్త కాదు. అందుకని పోయి అతని పక్కనే కూర్చున్నాను.

కాసేపు నా చెప్పులు చూశాడు. తర్వాత సంచీ చూశాడు.

“మీకు నాతో ఏమైనా చుట్టరికం ఉందా?” అన్నాడు.

లేదన్నాను.

“ఈ ఊళ్లో తెలిసినవాళ్లు?”

లేరన్నాను.

“కరెంటు సామాన్ల వ్యాపారం?”

అదీ లేదన్నాను.

“అయితే మీరు పనికొస్తారు. ఇల్లు ఇక్కడికి మైలు కూడా ఉండదు, రండి.”

ఇలా మొదలుపెట్టినవాళ్లు చివరికి ఏదో ఒక కాగితం మీద సంతకం అడుగుతారని నా అనుభవం. ఆయనా అదే అడిగాడు, కాకపోతే దాచకుండా ముందే చెప్పాడు. పెట్టెలో ఉన్నది ట్యాంకు లేని గీజరు. ఇవాళ ఇంట్లో బిగిస్తారు. బిగించేటప్పుడు పక్కన ఒక సాక్షి ఉండాలి. ఆ సాక్షి చుట్టం కాకూడదు, దారినపోయేవాడై ఉండాలి. గీజరుకి సాక్షి ఏమిటని నవ్వబోయాను గానీ ఆయన మొహంలో నవ్వు లేదు. డ్రైవరుని అడిగితే బస్సు కదలడానికి రెండు గంటలు పట్టేట్టుందన్నాడు. ఏం మెలిక ఉందో చూద్దామని బయల్దేరాను.

దారిలో తెలిసింది, ఆయన తూనికలు కొలతల ఆఫీసులో ముప్పై రెండేళ్లు పనిచేశాడట. సంతలో త్రాసులూ రాళ్లూ తనిఖీ చేసి ముద్ర వేసే పని. తూకాలాయన అంటే ఊరంతా ఎరుగుదురు. తప్పుడు త్రాసు పట్టుకుంటే అక్కడికక్కడే పంచనామా రాయాలి, దాని కింద సంబంధం లేని మనిషి సంతకం ఉండాలి. పళ్లెం కింద అంటించిన అయస్కాంతాలు, తొలిచి మైనం నింపిన రాళ్లు, ఒక వైపు సన్నగా అరగదీసిన త్రాసు దండాలు చూసీ చూసీ ఆయనకి నున్నగా కనిపించే వస్తువల్లా అనుమానమే. కొలత అంటే మనుషులు ఒకరినొకరు నమ్మలేక కనిపెట్టుకున్నదని నేనెప్పుడో చదివాను. అప్పుడు ఒప్పుకోలేదు. ఈయన పక్కన అరమైలు నడిచాక, రాసినవాడు కొంచెం తగ్గించే చెప్పాడనిపించింది.

గీజరు ఎంచుకోవడానికి ఆయనకి పదకొండు నెలలు పట్టింది. ట్యాంకు ఉన్నది వద్దనుకున్నాడు. మూసిన డబ్బా లోపల ఏం తుప్పు పడుతోందో ఎవడు చూడొచ్చాడు? ట్యాంకు లేనిదైతే నీళ్లు ఒక గొట్టంలోంచి వచ్చి, వేడెక్కి, ఇంకో గొట్టంలోంచి పోతాయి, దాచడానికి చోటుండదు. ఒక కొట్టువాడు నీళ్లు క్షణంలో కాగుతాయన్నాడట. ఈయన చేతిగడియారం విప్పి బల్ల మీద పెట్టి, కాచి చూపించమన్నాడు. ఇరవై రెండు సెకన్లు పట్టింది. క్షణం అంటే ఇరవై రెండు సెకన్లని రాసివ్వమన్నాడు. ఆ తర్వాత ఆ వీధిలో ఈయన్ని చూడగానే షట్టర్లు సగం దిగేవట. ఇది చెప్పేటప్పుడు ఆయన గొంతులో కాస్త గర్వం కూడా వినిపించింది.

ఇంత అవసరం ఏమొచ్చిందని అడిగాను. ఆయన నడక కొంచెం నెమ్మదించింది. ఏడాది కిందట భార్య జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ పట్టు రాలేదు. రోజూ వేడినీళ్లలో చెయ్యి పెట్టమన్నాడు డాక్టరు. పొయ్యి మీద కాచిన నీళ్లు చిన్న గిన్నెతో పదిసార్లు మోసుకుని స్నానాలగదిలో బకెట్టు నింపుకుంటోందని ఆయన చెప్పాడు. ఈ వారంలో గీజరు పెట్టకపోతే చెల్లెలింటికి వెళ్లిపోతానని, ఈసారి వెనక్కి రానని ఆవిడ చెప్పేసింది.

“బెదిరింపే అనుకోండి. కానీ ఆవిడ మాట ఇప్పటిదాకా తూకం తప్పలేదు,” అన్నాడు.

ఇల్లు మూడు గదులు. స్నానాలగది పెరటి గోడకి ఆనుకుని ఉంది. ఎలక్ట్రీషియన్ అప్పటికే వచ్చి గడప మీద కూర్చున్నాడు. నలభై ఏళ్ల మనిషి, చెవి మీద పెన్సిలు. తూకాలాయన గారి భార్య నాకు మంచినీళ్లిచ్చి, “ఈసారి మిమ్మల్ని పట్టుకొచ్చారా అన్నయ్య గారూ?” అంది. నవ్విందో నిట్టూర్చిందో తెలియలేదు. ఎడమ చేత్తో గ్లాసు ఇవ్వడం మాత్రం గమనించాను.

తూకాలాయన పెట్టె సీలు నాకు చూపించి, నా ఎదుటే కోశాడు. కాగితం మీద తేదీ, వస్తువు, నంబరు రాసుకున్నాడు. ఎలక్ట్రీషియన్ ఆవలించి, స్నానాలగది స్విచ్‌బోర్డు మరలు విప్పాడు. విప్పి, అలాగే ఉండిపోయాడు.

ఈ వైరుకి గీజరు పెట్టడం కుదరదన్నాడు. లైటు కోసం వేసిన సన్నవైరు ఇది, మీటరు దగ్గర్నుంచి కొత్తగా మందం వైరు లాక్కోవాలి. తూకాలాయన నావైపు చూసి కళ్లెగరేశాడు, చూశారా మొదలైంది అన్నట్టు. వైరు అమ్ముకునే ఎత్తు ఇదేనని ఆయన లెక్క. నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించింది.

ఎలక్ట్రీషియన్ వాదించలేదు. బోర్డు తిప్పి వెనక్కి చూపించాడు. ప్లగ్గు వెనక బేకలైటు పలక నల్లగా మాడిపోయి ఉంది. వైరు తొడుగు కరిగి మైనంలా కారి గట్టిపడింది.

“ఇక్కడ ఏం పెడతారు బాబాయ్ గారూ?”

“ఏమీ పెట్టం. గడ్డం గీసుకునే మిషను.”

“గడ్డం మిషనుకి ఇలా మాడదు. రోజూ పెద్ద లోడు లాగారు దీని మీద.”

నా ఇంట్లో నాకు తెలియకుండా లోడెవరు లాగుతారని తూకాలాయన కసిరాడు. ఇదివరకే మాడిన బోర్డు సంచీలో తెచ్చి మార్చావా అని కూడా అడిగాడు. ఎలక్ట్రీషియన్ మొహం ఎర్రబడింది. పనిముట్లు సర్దుకోబోయాడు.

అప్పుడు ఆవిడ లోపలికి వెళ్లింది. పాతబట్టల మూటలోంచి ఒక హీటరు రాడ్డు తీసుకొచ్చి భర్త ముందు పెట్టింది. చుట్ట మీద తెల్లగా సున్నం పేరుకుంది. చాలాకాలంగా నీళ్లలో మునిగి తేలిన రాడ్డు అది.

ఆయన పెన్ను కాగితం మీదే ఆగిపోయింది. “ఎప్పట్నుంచి?”

“మీరు మొదటి కొట్టుకి వెళ్లొచ్చిన వారం నుంచి.”

“నాకు చెప్పలేదే?”

“చెబితే దీన్నీ పరీక్షకి పెడతారు. మీ పరీక్ష అయ్యేదాకా నా చెయ్యి చన్నీళ్లలోనేగా?”

ఆవిడ గొంతు పెంచలేదు. పొద్దున ఆయన పేపరు చదువుకునే అరగంటలో పెట్టి తీసేసేదట. సంతంతటినీ వణికించిన మనిషికి గోడ అవతల కాగుతున్న బకెట్టు కనబడలేదు.

ఎలక్ట్రీషియన్ మాత్రం ఇంకేదో ఆలోచిస్తున్నాడు. టెస్టు ల్యాంపు తీసి ఒక వైరు కరెంటుకి, ఇంకోటి ఎర్త్‌కి తగిలించాడు. బల్బు వెలగలేదు, అంటే ఎర్త్ పనిచెయ్యనట్టే. మళ్లీ తగిలించాడు. పెరట్లోకి వెళ్లి ఎర్త్ గొట్టం చూసొచ్చాడు. దానికి తగిలించిన వైరు ఎప్పుడో తుప్పు పట్టి ఊడిపోయిందట.

“పిన్నిగారూ, రాడ్డు ఆపకుండా నీళ్లలో చెయ్యి పెట్టి చూసేవారా?”

ఒకటి రెండుసార్లు చురుక్కుమందని, చేతిలో పట్టు లేక అలా అనిపించిందేమో అనుకున్నానని చెప్పిందావిడ.

అది రాడ్డులోంచి నీళ్లలోకి దిగిన కరెంటని, ఎర్త్ లేనిచోట ప్రాణం తీసేదని ఎలక్ట్రీషియన్ అన్నాడు. తూకాలాయన కాగితం మడిచాడు, ఇంకోసారి మడిచాడు, ఇంక మడవడానికి రాలేదు. ఎంత మందం వైరు కావాలో, ఎన్ని గజాలో, ఎర్త్‌కి ఏమేం కావాలో ఎలక్ట్రీషియన్ చెబుతుంటే వింటూ నిలబడ్డాడు. ఎందుకని అడగలేదు. ఏ కొట్లో కొనాలో కూడా అతన్నే అడిగాడు. నన్ను ఉండమనలేదు, పొమ్మనలేదు.

నా బస్సు పోయింది. సాయంత్రానికి కొత్త వైరు పడింది, పెరట్లో కొత్త ఎర్త్ దిగింది. ఈసారి టెస్టు ల్యాంపు నిండుగా వెలిగింది. గీజరు గోడకెక్కింది. ఎలక్ట్రీషియన్ కుళాయి తిప్పాడు, ఆవిడ కుడిచెయ్యి కింద పెట్టింది. ఎన్ని సెకన్లు పట్టిందో ఎవరూ చూడలేదు. ఆవిడ వేళ్లు నెమ్మదిగా విచ్చుకోవడం నేను చూశాను. ఆయన చూడలేకపోయాడు, ద్వారబంధం పట్టుకుని పెరటివైపు తిరిగాడు.

ఎలక్ట్రీషియన్ రాడ్డుని కాలితో జరిపి, దీన్నిక పాత సామాన్లలో పారెయ్యమన్నాడు.

“ఉండనియ్యి బాబూ,” అందావిడ, చెయ్యి కుళాయి కిందనుంచి తియ్యకుండానే. “ఈ కొత్తది ఎన్నాళ్లు పనిచేస్తుందో ఎవరు చూడొచ్చారు?”

తూకాలాయన ఇటు తిరిగాడు. వంగి రాడ్డు తీసుకున్నాడు, వైరు దానికి చుట్టచుట్టాడు, చంకలో పెట్టుకుని నా పక్కనుంచే వాకిట్లోకి దిగాడు. సంచీ భుజాన వేసుకుని వెళ్లొస్తానని చెప్పడానికి నేను బయటికొచ్చేసరికి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధి చివర పాత సామాన్ల కొట్టువైపు నడిచిపోతున్నాడు.