తుపాకీకి బ్యాటరీ తొడిగిన రోజు

మా ఆయన బొమ్మ తుపాకీ కొనుక్కొచ్చిన రోజు నేను ఆయనతో మాట్లాడలేదు. బొమ్మ అంటే ఆయన ఒప్పుకునేవారు కాదు, ఎయిర్‌సాఫ్ట్ అనాలట. మిరియం గింజంత ప్లాస్టిక్ గుండ్లు కాల్చుకుంటూ అడవిలో పరిగెత్తే ఆట. చూడ్డానికి మాత్రం అచ్చం సైనికుల చేతిలో ఉండేదే. సంచిలో పెట్టకుండా వీధిలోకి తీసుకెళ్తే గార్డ్స్ వచ్చి పట్టుకుంటారు, ఇక్కడ ఐర్లండ్‌లో పోలీసులను అలాగే అంటారు. నలభై దాటిన మనిషి, ఆదివారం చర్చిలో కానుకల సంచి పట్టుకుని వరసల మధ్య తిరిగే మనిషి, శనివారం పొద్దున్నే బురద బూట్లు తొడుక్కుని చెట్ల చాటున నక్కడమేమిటని నా బాధ. మనవాళ్ళెవరైనా చూస్తే పరువు గంగలో కలుస్తుందని గొణిగేదాన్ని. మేముండే ఎన్నిస్ ఊళ్ళో మనవాళ్ళు పట్టుమని పది ఇళ్ళు కూడా ఉండరు, అయినా పరువు పరువే కదా.

ఆ పిచ్చి ఆయనకు ఎక్కించింది ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్, ఈ క్లేర్ జిల్లాలోనే పుట్టి పెరిగిన మనిషి. గుండె రక్తనాళాల్లోకి పంపే సన్నటి గొట్టాలు తయారుచేసే ఫ్యాక్టరీ అది. ఆ గొట్టంలోకి వెంట్రుకంత తీగను దూర్చడం మా ఆయన పని. కొత్తగా చేరినవాళ్ళను తెచ్చి ఈయన పక్కన కూర్చోబెట్టి, ఆ చేతులు చూడండి అనేవాడట సూపర్‌వైజర్. ఇంటికొచ్చి ఆ మాట నాకు చెప్పేటప్పుడు, పట్టించుకోనట్టు నటిస్తూ చెప్పేవారు.

తుపాకీలో భుజానికి ఆనించుకునే వెనక భాగాన్ని స్టాక్ అంటారు. అందులో ఒక ఇరుకు గొట్టం, ఆ గొట్టంలోకి బ్యాటరీ వెళ్ళాలి. మునక్కాయ ముక్కలా సన్నగా పొడుగ్గా ఉంటుంది, దానికి ఒక ఎర్ర వైరు, ఒక నల్ల వైరు. వైర్లు కలిపి, బ్యాటరీని లోపలికి తోసి, మిగిలిన వైరును మడిచి పక్కన సర్ది, వెనక మూత నొక్కి బిగించాలి. చెప్పడానికి ఇంతే. కానీ లోపల బ్యాటరీకీ వైరుకీ కలిపి చోటు చాలీ చాలకుండా ఉంటుంది. వైరు కాస్త అంచు మీదికి వచ్చినా మూత కింద నలుగుతుంది. నలిగితే పైతొడుగు తెగి ఎర్రదీ నల్లదీ ఒకదానికొకటి తగులుతాయి. అందుకని మూత పెట్టేముందు చిటికెన వేలు గొట్టం అంచు చుట్టూ తిప్పి చూసుకోవాలి. మా ఆయన ఇదంతా టీవీలో క్రికెట్ చూస్తూ చేసేవారు. తుపాకీ ఒళ్ళో, చూపు మ్యాచ్ మీద.

"మా అమ్మ చేతులే ఇవి" అనేవారు. మా అత్తగారికి తెనాలి బజారులో గాజుల కొట్టు ఉండేది. నా పెళ్ళికి గాజులు ఆవిడే తొడిగింది. నా చెయ్యి పట్టుకుని, ముఖంలోకి చూస్తూ మా ఊరి సంగతులు అడుగుతూ, బొటనవేలి కింద ఎముకను ఎక్కడ నొక్కిందో ఏమో, మట్టి గాజులన్నీ మణికట్టు దాటేశాయి. మరీ బిగువైతే చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి, దాని మీదుగా గాజు జార్చి, ఆ తర్వాత కవరు లాగేసేది. ఆ కొట్టులో ఆవిడ పక్కన పీట వేసుకుని పెరిగిన మనిషి ఈయన. వేళ్ళతో చూడటం అక్కడే పట్టుబడింది.

ఆ క్రిస్మస్‌కు కరోనా ఆంక్షలు సడలించారు, జనవరిలో ఊరు ఊరంతా మంచం పట్టింది. నేను పనిచేసే నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్ళు ఒకరి వెనక ఒకరు పోయారు. వాళ్ళ పిల్లలు కిటికీ అద్దానికి బయట నిలబడి చేతులు ఊపేవారు. నాకు జ్వరం వచ్చి తగ్గింది. నా వెనకే ఆయనకు వచ్చింది, తగ్గలేదు. లిమరిక్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి వెంటిలేటర్ మీద పెట్టారు. నర్సునై ఉండి కూడా నేను ఆ గది తలుపు దాటలేకపోయాను. అక్కడి అమ్మాయి ట్యాబ్ పట్టుకుని చూపిస్తే ఆయన నోట్లో ట్యూబు, ఛాతీ లేచి పడటం చూసి, వంటింట్లో నేల మీద కూలబడి ఏడ్చేదాన్ని. ఎవరి నుంచి ఎవరికి అంటుకుందో మేం ఈ రోజుకీ మాట్లాడుకోలేదు.

బతికి ఇంటికొచ్చారు. సంఘంలో అందరూ జూమ్‌లో సాక్ష్యం చెప్పమంటే చెప్పాను. దేవుడు చావు నోట్లోంచి లాగి ఇచ్చాడన్నాను, అందరూ హల్లెలూయా అన్నారు. చేతుల సంగతి మాత్రం చెప్పలేదు. వేళ్ళు కదులుతాయి, మడుచుకుంటాయి, గ్లాసు పట్టుకుంటాయి. కానీ అరచేతి నుంచి వేళ్ళ కొసల దాకా ఏమీ తెలియదు. చొక్కా గుండీ పెట్టుకోవాలన్నా కిందికి చూసుకుంటూ పెట్టుకోవాలి. ముక్కు కూడా పనిచేయడం లేదు, ఆవకాయ జాడీ మూత తీసి కింద పెట్టినా దిక్కులు చూసేవారు. నరాలకు స్పర్శ మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు, ఓపిక పట్టాలి అన్నాడు డాక్టర్. ఆ ఓపిక అనే మాట నేను ఎంతమంది ఇళ్ళవాళ్ళకు చెప్పానో! నాకే చెబితే ఒళ్ళు మండింది.

చలి కాస్త తగ్గాక సూపర్‌వైజర్ వచ్చాడు. మాస్కు పెట్టుకుని గేటు బయటే నిలబడ్డాడు, మేం గుమ్మంలో నిలబడ్డాం. వచ్చే సోమవారం వచ్చి బల్ల దగ్గర కాసేపు కూర్చోమన్నాడు. తీగ దూర్చగలిగితే నీ చోటు నీదే, లేకపోతే ఇంకా ఖాళీగా ఉంచడం నా చేతిలో లేదు అన్నాడు. ఆ మాట అనడానికి పాపం చాలా ఇబ్బంది పడ్డాడు. వెళ్తూ వెళ్తూ "యు విల్ బి గ్రాండ్" అన్నాడు, అంతా బాగైపోతుందని. ఈ దేశంలో ఇల్లు కాలిపోతున్నా గ్రాండ్ అనే అంటారు.

అతని కారు మలుపు తిరిగిందో లేదో మా ఆయన మెట్ల కింది ప్రెస్ తలుపు తీశారు. అల్మరాను ఇక్కడ ప్రెస్ అంటారు, మాకూ అదే అలవాటైపోయింది. తుపాకీ సంచి బయటికి లాగారు.

"ఇప్పుడు దాంతో ఏం పనండీ? ఆడే చోట్లన్నీ మూసేశారుగా. ఊరు దాటి పోనిస్తేగా అసలు."

"ఆటకి కాదే. ఇంట్లో నాకు ప్రాక్టీస్‌కి ఇంకేముంది? గొట్టంలోకి ఇది తొడగ్గలిగితే అదీ తొడుగుతా. సోమవారానికి సెట్ అయిపోయిద్ది చూడు."

అప్పటి నుంచి భోజనాల బల్ల మీద అదే పని. బ్యాటరీ గొట్టం దాకా వెళ్ళేది, అంచుకు తగిలి పక్కకు తిరిగేది, చేతిలోంచి జారి నేల మీద పడేది. పడ్డ సంగతి చప్పుడును బట్టి తెలిసేది ఆయనకు. వంగి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టేవారు. కళ్ళు రెండూ వేళ్ళ మీదే పెట్టి, పళ్ళు బిగించి చేసేవారు. సాయం చెయ్యబోతే కసురుకునేవారు. పెళ్ళయినప్పటి నుంచి నా మీద గొంతు పెంచని మనిషి, "నీ పని చూసుకోపో" అన్నారు ఒకసారి. నేను పోయి బాత్రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చాను.

ఒక సాయంత్రం పట్టుబట్టి కూర్చోబెట్టాను. ఆసుపత్రిలో చేసినట్టే, కళ్ళు మూసుకోమని దూదిపింజెతో ఒక వేలు, పిన్నీసు మొనతో ఒక వేలు తాకి చూస్తున్నాను.

"ఇప్పుడు?"

"ఆఁ, తగిలింది. చూపుడు వేలు."

నిజంగానే చూపుడు వేలు. మళ్ళీ "ఇప్పుడు?" అన్నాను.

"ఉంగరం వేలు. గుచ్చుకుంది కూడానూ."

నేను అప్పుడు ఏమీ తాకలేదు. పిన్నీసు నా ఒళ్ళోనే ఉంది. "కరెక్టేనండీ" అన్నాను. ఆయన కళ్ళు తెరిచి నా ముఖం చూశారు, నేను దూది డబ్బాలో పెట్టే నెపంతో లేచిపోయాను.

సోమవారానికి ముందు శనివారం. వాన పడుతోంది, నాకు డ్యూటీ లేదు. పొయ్యి మీద పప్పు కుక్కర్ పెట్టి ఉల్లిపాయలు తరుగుతున్నాను. వెనక బల్ల దగ్గర నుంచి ఆయన గొంతు హుషారుగా వినిపించింది.

"ఏమే, పల్చటి కవరు ఒకటివ్వు. కూరగాయలకిస్తారే, అలాంటిది."

"దేనికి?"

"మా అమ్మ దేనికి వాడేదో దానికి!"

నాకు నవ్వొచ్చింది. ఇండియన్ షాపులో కొత్తిమీర కట్టిచ్చిన కవరు దులిపి ఇచ్చాను. వైర్లు ముందే కలిపి పెట్టుకున్నారు. బ్యాటరీనీ వైర్లనూ కలిపి కవరులో చుట్టి, గొట్టం మూతికి పెట్టి, బొటనవేలితో మెల్లగా తోశారు. గాజు మణికట్టు దాటినట్టు నునుపుగా లోపలికి జారిపోయింది. ఆ తర్వాత కవరు కొస పట్టుకుని మా అత్తగారిలాగే ఒక్క లాగు లాగారు. కవరు చేతికొచ్చింది. గొట్టంలోకి ఒక కన్ను పెట్టి చూశారు. పాత అలవాటు కొద్దీ చిటికెన వేలు అంచు చుట్టూ తిప్పారు, మూత నొక్కారు, బిగించారు. ట్రిగ్గర్ లాగితే గుండ్లు లేని తుపాకీలో మోటారు గర్రుమని తిరిగింది.

"చూశావా! చూశావా!" అని చిన్నపిల్లాడిలా అరిచారు. జనవరి తర్వాత ఆ ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు. ప్రభువా నీకు స్తోత్రం అని పైకే అన్నాను. చేతిలో కత్తి ఉందని కూడా మరిచిపోయి వెళ్ళి ఆయన తల నా పొట్టకు అదుముకున్నాను. మళ్ళీ వచ్చి తాలింపు పెట్టుకుంటున్నాను. ఆయన తుపాకీని బల్ల మీద పడుకోబెట్టి, స్టాక్ మీద చెయ్యి వేసుకుని సోమవారం సంగతులు చెబుతున్నారు. పని బల్ల మీది భూతద్దాల కింద వెలుతురు కాస్త ఎక్కువ పెట్టమని అడుగుతారట. కొత్తవాళ్ళెవరైనా తన కుర్చీ ఎత్తు మార్చి ఉంటే తిడతారట.

కుక్కర్ గ్యాస్కెట్ కాలుతున్న వాసన వచ్చింది. స్టవ్ ఆపాను. వాసన ఆగలేదు. ఘాటుగా, నెయిల్ పాలిష్ తుడిచే మందులా ఇంకేదో కూడా కలిసింది. వెనక్కి తిరిగాను.

ఆయన వేళ్ళ సందుల్లోంచి పొగ వస్తోంది. ఆయన నా వైపే చూస్తూ, ఇంకా కుర్చీ గురించే మాట్లాడుతున్నారు.

"వదలండి! చెయ్యి తియ్యండి!" అని కేక పెట్టాను. ఏమైందన్నట్టు కిందికి చూసుకున్నారు. అప్పుడు గానీ ఆయనకు తెలియలేదు. తుపాకీ ముందువైపు పట్టుకుని లాక్కుని, వెనక తలుపు తీసి పెరట్లో సిమెంటు గచ్చు మీదికి విసిరేశాను. వానలో అది బుస్సుమంది, స్టాక్ ఉబ్బి, పగిలి, తెల్లటి పొగ కక్కింది. కవరు లాగినప్పుడు దాంతోపాటు వైరు కూడా వెనక్కి వచ్చి అంచు మీద పడుకుంది. ఆయన చిటికెన వేలు దాని మీదుగానే వెళ్ళింది.

అరచేయి బొటనవేలి మొదటి నుంచి తెల్లగా ఉడికిపోయింది. అక్కడక్కడ చర్మం లేచిపోయింది. అలాంటి కాలిన గాయం మీద చెయ్యి పడితే మనుషులు పెట్టే కేకలు నేను విన్నాను. ఆయన ఆ చేతిని, అది వేరే ఎవరిదో అన్నట్టు తిప్పి చూసుకుంటున్నారు. సింక్ దగ్గరికి తీసుకెళ్ళి కుళాయి పూర్తిగా తిప్పి, మణికట్టు పట్టుకుని ధార కింద పెట్టాను. కిటికీలోంచి పెరట్లో తుపాకీ కనిపిస్తోంది, వానకు పొగ తగ్గుతోంది.

"సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి చెప్పు" అన్నారు. "సోమవారం రానని."

"ఇంకొన్నాళ్ళు ఆగమని అడుగుదాం అండీ. మంచోడు, కాదనడు."

"అడగమాకు. అది ఎవరి గుండెలోకో పోయే గొట్టం. నాకు తెలియకుండా అందులో ఏదన్నా నలిగితే?"

నీళ్ళు ఆయన చేతి మీద నుంచి నా చేతి మీదికి పారుతున్నాయి. ఆయన ఆ ధార వైపే చూశారు.

"ఇవి చన్నీళ్ళేనా?" అని అడిగారు.

"చన్నీళ్ళేనండీ" అన్నాను. ఆయన చెయ్యి పట్టుకున్న నా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.