బొట్టు పెట్టిన బూట్లు

నాయన కర్మ అయిపోయి అందరూ వెళ్లాక ఆయన ట్రంకుపెట్టె తెరిచాను. అడుగున ఆయన పని బూట్లున్నాయి. తోలు ఎండకుండా ఆయన పట్టించే ఆముదం వాసన ఇంకా పోలేదు.

నాయన గుత్తిలో రైలు షెడ్డులో పనిచేసేవాడు. ఇనుము మీద పడినా కాలివేళ్లు నలగకుండా ఆ బూట్ల ముందు భాగంలో రేకు ఉండేది. అమ్మ లేదు. ఆయన పనికి పోతే ఇంట్లో నేనొక్కదాన్నే. నా ఎనిమిదో ఏట, ఆయుధపూజ నాడు, ఆ బూట్లకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను.

నాయన చూసి నవ్వాడు. "యాడన్నా బూట్లకు బొట్టు పెడతారామ్మా?"

"నీ పనికొచ్చేవే కదా నాయనా! పూజ చేసినవి రేపటిదాకా కదిలించగూడదు."

"సరేలే తల్లీ. ఈపొద్దుకు వట్టికాళ్లతోనే పోతా."

సాయంత్రం ఆయన్ను ఇద్దరు మోసుకొచ్చారు. ఇనుపకడ్డీ జారి పడి రెండు వేళ్లు చితికిపోయాయి. వెంట వచ్చిన మేస్త్రీ కేకలేశాడు.

"బూట్లు ఏం చేసినావప్పా? పెండ్లికి దాచిపెట్టుకున్నావా?"

"మర్చిపోయినానన్నా," అన్నాడు నాయన.

నాకు ఉక్రోషం వచ్చింది. నా పూజ సంగతి అప్పుడే మరిచిపోయాడని రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన కట్టుకట్టిన కాలు చాపుకుని కూర్చుని, అన్నం తినమని నన్నే బతిమాలాడు.

ఆ అబద్ధం ఎవరి కోసం ఆడాడో పెద్దయ్యాక అర్థమైంది. అర్థమైందని ఆయనకు ఒక్కసారీ చెప్పలేదు.

ఇప్పుడు చెబుదామంటే ఇంట్లో ఎవరూ లేరు. ఆముదం తెచ్చి బూట్లకు పట్టించాను.