కాలు తీసినా ఆగని జీపు

కోదాడలో విజయవాడ రోడ్డు మీద కొమురయ్య బ్యాటరీల షాపు ఉండేది. ట్రాక్టర్ల, లారీల బ్యాటరీలు చార్జింగుకు పెట్టేవాడు, చిన్న మోటార్లు బాగుచేసేవాడు. ఏది బాగుచేసినా గిరాకీ ముందర దాన్ని నడిపి, వెంటనే ఆపి చూపించేవాడు. "నడుసుడు సరే, ఆగుతదా లేదా సూడున్రి" అనేవాడు. గిరాకీలు నవ్వేవారు. నేను ఆ ఊరి బళ్ళో టీచర్ని, మా ఇల్లు ఆ షాపు వెనకే. ఎండ చల్లబడ్డాక షాపు ముందున్న బల్ల మీద కూర్చుని చదువుకోవడం నాకు అలవాటు. ఆ మాట వెనకున్న సంగతి ఆయన నాకు ఒక్కసారిగా చెప్పలేదు. ఏళ్ళ తరబడి, ముక్కలు ముక్కలుగా, బ్యాటరీల్లో నీళ్ళు పోస్తూ, నా మొహం చూడకుండా చెప్పాడు.

ఆయనది మునగాల. తండ్రి చిన్నప్పుడే పోతే చెల్లెలు అలివేలును తానే పెంచి, మిర్యాలగూడ దగ్గర మాడుగులపల్లికి ఇచ్చాడు. బావ గౌరయ్య వాళ్ళది కాలువ కింద భూమి, సొంత ట్రాక్టర్. కొమురయ్య చొక్కాలకు యాసిడ్ చిల్లులు. చెల్లెలింటికి పోయినప్పుడల్లా మిర్యాలగూడ బస్టాండులో చొక్కా మార్చుకుని పోయేవాడు. ఆ ఇంట్లో ఎవరూ ఆయన్ని చిన్నచూపు చూడలేదు. అయినా చూస్తారేమోనని ఆయన భయం.

అలివేలు కొడుకు బీరయ్యకు ఐదో ఏడు వచ్చినా పుట్టువెంట్రుకలు తీయలేదు. మొక్కు ఉంది. పిల్లాడు ఆడపిల్లలా జడ వేసుకుని తిరిగేవాడు. వెంట్రుకలు తీసే రోజు పిల్లాణ్ణి మేనమామ ఒడిలో కూర్చోబెడతారు, మొదటి కత్తెర మేనమామదే. ఆయన ఏం తెచ్చాడో ఊరంతా చూస్తుంది.

ఆ ఏడాది మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు వాళ్ళింటికి పనిమీద పోతే, పెరట్లో ఎర్ర ప్లాస్టిక్ జీపు కనబడింది. పిల్లలు ఎక్కి నడుపుకునే బ్యాటరీ బండి. కాలితో నొక్కితే నడుస్తుంది, కాలు తీస్తే ఆగుతుంది. వాళ్ళ పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, బ్యాటరీ చచ్చింది. అడిగితే ఇచ్చేశారు. కొమురయ్య దాన్ని కోదాడకు తెచ్చి కడిగి, పాత మోటార్ సైకిల్ బ్యాటరీ పెట్టాడు. నడిచింది.

వెంట్రుకలకు పిలవడానికి వచ్చిన గౌరయ్య దాన్ని చూశాడు.

"బావా, జీపు మంచిగున్నది గని, గిది ఉరుకుతదా పాకుతదా? మా బర్రె దుడ్డె దీన్ని దాటిపోతది."

ఎగతాళికే అన్నాడు. కొమురయ్య కూడా నవ్వాడు. గౌరయ్య బస్సెక్కగానే ఆ నవ్వు పోయింది.

మరునాడు మొదటి బ్యాటరీకి ఇంకో బ్యాటరీ జతచేశాడు. పెడల్ కింది స్విచ్ పలచనిదని, రెట్టింపు కరెంటుకు దాని రేకులు కాలి అతుక్కుంటాయని ఆయనకు తెలుసు. అలాంటి పని చేసుకొచ్చిన వాళ్ళను ఎందరినో తిట్టాడు కూడా. ఒక్కరోజు ముచ్చటే కదా అనుకున్నాడు. తాను ఎక్కి చూద్దామంటే పట్టడు, పరాయి పిల్లల్ని ఎక్కించడానికి మనసొప్పలేదు. సీట్లో బియ్యం బస్తా పెట్టి, పెడల్‌ను సుతిలి తాడుతో నొక్కిపెట్టి కట్టేసి, స్టీరింగ్ పట్టుకుని పక్కన పరిగెత్తాడు. జీపు రయ్యిన పోయింది. చాలనుకున్నప్పుడు వైరు పీకాడు.

"బస్తా కాలు తియ్యదు గద సార్" అన్నాడు నాతో ఒకసారి. అంతే అని మళ్ళీ చాలా రోజులు ఆ ఊసెత్తలేదు.

వెంట్రుకల రోజు మాడుగులపల్లిలో ఇంటి ముందు డప్పులు. జడ ఊగుతుంటే బీరయ్య జీపులో వాకిలి చుట్టి వచ్చాడు. ఈలలు వేశారు. "మామంటే గిట్లుండాలె!" అన్నారెవరో. గౌరయ్య ఆయన భుజం మీద చెయ్యేసి, "నా దుడ్డె ఓడిపోయింది బావా" అన్నాడు. ఆ క్షణం కోసమే గదా అంతా.

పిల్లాడు ఇంటి వెనక్కి తిప్పాడు. వెనక అలివేలు అన్నం గుండిగ వంచి గంజి వారుస్తోంది. డప్పుల మధ్య కూడా కొమురయ్య చెవి మోటారు మీదే ఉంది. ఆగాల్సిన చోట ఆ చప్పుడు ఆగలేదు. పరిగెత్తాడు. పిల్లాడు రెండు కాళ్ళూ పైకెత్తి పట్టుకుని ఉన్నాడు, జీపు నేరుగా పొయ్యి మీదికి పోతోంది. అలివేలు గుండిగ వదిలి, అడ్డం వచ్చి జీపును పక్కకు తోసింది. గుండిగ ఒరిగింది. కాగే గంజి ఆమె పాదం మీద పడింది.

కొమురయ్య వైరు పీకాడు. స్విచ్ ముట్టుకుంటే వేలు చుర్రుమంది.

అలివేలు అత్త సుక్కమ్మ కేక విని వచ్చింది. "ఏమైందే?"

అలివేలు అన్న మొహం చూసింది. "ఏం లేదత్తమ్మా. సూసుకోక నేనే ఒంచిన."

"పండుగపూట అన్నమంత నేలపాలు జేస్తివి గదనే! కండ్లు యాడ వెట్టుకున్నవ్?"

ఒక్క మాట చెబితే అయిపోయేది. కొమురయ్య నోరు తెరవలేదు. నలుగురూ వచ్చి చూస్తున్నారు. ఆయన జీపును గోడకు జరిపాడు.

మిర్యాలగూడ దవాఖానకు పోదామంటే అలివేలు వినలేదు, వెంట్రుకలయ్యాకే అంది. తడిగుడ్డ చుట్టుకుని గోడ పట్టుకుని నిలబడింది. కొమురయ్య పీట మీద కూర్చున్నాడు. ఒడిలో బీరయ్య. కత్తెర చేతికిచ్చారు. అప్పుడు పిల్లాడు తల పైకెత్తి, గుసగుసగా అన్నాడు.

"మామా, నేను కాలు తీసిన. ఒట్టు."

"తల కదలనియ్యకు" అన్నాడు కొమురయ్య.

ఈ మాట నాకు చెప్పిన రోజు ఆయన షాపు తొందరగా మూసి వెళ్ళిపోయాడు.

చార్జింగు పెట్టి తెస్తానని జీపును కోదాడకు తెచ్చి, రెండో బ్యాటరీ తీసేసి, స్విచ్ కొత్తది వేసి, కొన్ని వారాలకు తీసుకుపోయాడు. అలివేలు ఇంకా కుంటుతోంది. వాకిట్లో సుక్కమ్మ పక్కింటామెతో, "మా కోడలికి సోయి తక్కువ. పండుగనాడు గుండిగ ఒంచుకున్నది" అంటోంది. అలివేలు చెంబుతో నీళ్ళిచ్చి లోపలికి పోయింది.

గుండుతో ఉన్న బీరయ్య జీపెక్కడానికి జంకాడు. ఎక్కి కొంచెం నొక్కాడు, కాలు తీశాడు. ఆగింది. మామ వైపు చూశాడు. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ తీశాడు. ముందుకు పోనే లేదు, అదే పని.

కొమురయ్య చెంబు కింద పెట్టాడు.

"అత్తా, ఆనాడు గూడ పోరడు కాలు తీసిండు. బండే ఆగలే. ఉరకాలెనని నేనే దాన్ని ఖరాబు జేసిన. దానికి అడ్డం వచ్చి చెల్లె కాలు కాల్చుకున్నది."

పక్కింటామె కొంగు సర్దుకుని లేచిపోయింది. సుక్కమ్మ జీపు వైపు నుంచి కొమురయ్య వైపు తిరిగింది. కోపంగా కూడా అనలేదు.

"మరి ఆనాడు ఆ పిల్లను గంతగనం తిడుతుంటే, పక్కనే ఎట్ల నిలవడ్డవయ్యా కొమురయ్యా?"

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అలివేలు కూడా ఆ జవాబు కోసమే ఆగిందని ఆయనకు తెలుసు. వాకిట్లో బీరయ్య కాలు పెడుతూ తీస్తూ ఉన్నాడు.