మూడు చప్పట్లు, ఆగి ఒకటి

అరవైల చివర్లో, దసరా సెలవులకు తార్నాక దగ్గరి మా యూనివర్సిటీ హాస్టల్ ఖాళీ అయింది. కడప దూరమని నేనొక్కదాన్నే ఉండిపోయాను. ఒకరోజు మ్యూజియం ఆవరణలో ఆరుబయట నిలబెట్టిన శిల్పాలు చూసి, గోల్కొండ బస్సెక్కాను. పక్కసీటులోని లాలాపేట పెద్దావిడ, నేను ఒంటరినని విని, కోట వాకిలి దాకా వెంట వచ్చింది.

"మోకాళ్ల నొప్పులు బిడ్డా, నేనెక్కలేను. నువ్వు పైకి పో. నేను గీడ చప్పట్లు కొడ్త, పైన ఇనవడ్తది."

"అందరూ కొడుతుంటారు కదమ్మా, మీవని ఎట్లా తెలిసేది?"

"మూడు కొట్టి, ఆగి, ఇంకోటి కొడ్త."

పైన గోడకానుకుని చెవులు రిక్కించాను. అన్ని చప్పట్ల మధ్య మూడు, ఆగి ఒకటి. ఈ ఊళ్లో నాకోసం మోగిన మొదటి చప్పుడది.

దిగి వచ్చేసరికి ఆవిడ అరచేతులు ఎర్రగా కందిపోయాయి. నేనెప్పుడు పైకి చేరతానో తెలియక, నేను మొదటి మెట్టెక్కినప్పటి నుంచీ కొడుతూనే ఉందట.