అరువు గొలుసు పొడవు

మగవాడి మెడలో గొలుసు ఎంత పొడవుండాలి అన్న విషయం మీద దొరికినదంతా చదివాను. చేతికొచ్చిన ఏ పుస్తకాన్నీ వదల్లేదు. అయినా భిలాయిలో మావాళ్ళు పాటించిన పద్ధతి ఒకటి ఎక్కడా కనపడలేదు. అది తెలిసిన పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఇప్పుడు ఎవరి గొలుసు వాళ్ళకుంది, అరువు అడిగే అవసరమే లేదు. అందుకని ఎవరో ఒకరు రాసిపెట్టాలి. ఆ పద్ధతి తెలియక నలుగురిలో తలవంచుకున్నవాణ్ణి కాబట్టి నేనే రాస్తున్నాను. ఇన్నేళ్ళ తరవాత కూడా రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

డెబ్బైల చివర్లో మేము ఉక్కు కర్మాగారం వాళ్ళ సెక్టర్ రెండు క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నాన్న రోలింగు మిల్లులో పనిచేసేవారు. నేను పదో తరగతితో చదువు ఆపేసి ఒక కాంట్రాక్టరు దగ్గర కూలీల హాజరు వేసేవాణ్ణి. చదువు ఆగింది గాని చదవడం ఆగలేదు. సాయంత్రం లైబ్రరీ తెరిచే వేళకు చేతులు రుద్ది కడుక్కుని వెళ్ళేవాణ్ణి. తెలుగు పుస్తకాల బీరువా పూర్తయ్యాక, నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పత్రికల మీద పడ్డాను. మా వరుసలో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరింట్లో రేడియో మూగబోయినా, నా దగ్గర ఒక సలహా సిద్ధంగా ఉండేది. అడగకపోయినా చెప్పేవాణ్ణి.

మా వరుస మొత్తానికి మగవాళ్ళు వేసుకునే బంగారు గొలుసు ఒక్కటే. అది చివరి క్వార్టర్‌లో ఉండే క్రేను ఆపరేటరుది. నిలువెత్తు మనిషి, ఆయన ఛాతీ మీద దాని బిళ్ళ సరిగ్గా గుండె దగ్గర ఆగేది. మా వరుసలోనే కాదు, వేరే పేటల్లోనూ పెళ్ళిచూపులకు వెళ్ళే ప్రతి తెలుగు కుర్రవాడూ దాన్నే అడిగి తెచ్చుకునేవాడు. ఆయన ఎవరినీ కాదనలేదు. కానీ మామూలు మనుషుల మీద ఆ గొలుసు బొడ్డుదాకా వేలాడేది. చొక్కా పైన వేసుకుని సైకిలెక్కితే హ్యాండిలు మీద టకటకా కొట్టుకునేది. చూసి నాలో నేను నవ్వుకునేవాణ్ణి. ఒంటికి ఏది నప్పుతుందో తెలియని మోటు మనుషులు అనుకునేవాణ్ణి.

నా వంతు వచ్చింది. భిలాయి పక్కనే రిసాలిలో సంబంధం. అమ్మాయి ఇక్కడే పుట్టి హిందీ బడిలో చదివినా, తెలుగు చదవడం ఇంట్లో పట్టుబట్టి నేర్చుకుందని మధ్యవర్తి చెప్పాడు. ఆ ఒక్క మాటతో నేను మనసులో ఆ ఇంటి అల్లుణ్ణయిపోయాను. అప్పటిదాకా ఏ సంబంధం కోసమూ అంత ఆశ పడలేదు.

ఆ వారమే ఒక పత్రికలో మగవాళ్ళ ఆభరణాల మీద పేజీ కనపడింది. సన్నటి మెడకు పొడుగు గొలుసు నప్పదట. గొలుసు కంఠం కింది ఎముకలను దాటి కాస్త దిగితే చాలు, చొక్కా పైగుండీ విప్పితే కనపడాలి, అంతే. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి, అరువు తెచ్చుకున్న క్రేను ఆపరేటరు గొలుసును ఆ కొలతకు లాగి, మిగిలిన భాగాన్ని మెడ వెనక దారంతో కట్టి, కాలరు లోపలికి దోపాను. నిజంగా బాగుంది. నాకోసమే చేయించినట్టుంది.

అమ్మ చూసి మొహం చిన్నబుచ్చుకుంది.

"ఏటిరా అది? దాన్నలా కట్టకు. ఇచ్చినోళ్ళ పొడుగునే ఉండనీ."

"నీకు తెల్దులేయే అమ్మా. పుస్తకంలో ఉంది."

"పుస్తకంలో నిన్ను చూసి రాసారేటి?" అని వంటింట్లోకి పోయింది. అదేదో ఆచారం అనుకున్నాను, ఎందుకని అడగలేదు.

రిసాలిలో వాళ్ళ ముందుగదిలో అమ్మాయి తండ్రి, నానమ్మ, అన్న కూర్చున్నారు. నాన్న, నేను బల్ల మీద. అమ్మాయి టీ తెచ్చింది.

"మీరేం చదువుతారు?" అని అడిగాను.

"దొరికిందల్లా. పొట్లాం కట్టిన కాగితం కూడా వొదల్ను" అంది. అందరూ నవ్వారు. నా లోపల ఏదో దీపం వెలిగినట్టయింది. పైగుండీ విప్పి ఉందో లేదో మరోసారి తడిమి చూసుకున్నాను.

ఆమె అన్న కారప్పూస పళ్ళెం పట్టుకుని నా వెనకనుంచి వచ్చాడు.

"అరే భయ్యా, ఏటిది, మెడెనకాల తోకొచ్చింది?"

వేలితో లాగాడు. దారం తెగింది. గొలుసు ఒక్కసారిగా జారి, బిళ్ళ వెళ్ళి నా చేతిలోని టీ సాసరులో ఠంగుమంది.

"ఇది సెక్టర్ దో వాలా గొలుసే నానమ్మా! నా పెళ్ళిచూపులకి నానూ ఇదే ఏసుకెళ్ళాను!"

గది గొల్లుమంది. ఆ నవ్వులో చెడ్డతనం లేదు. నేనూ నవ్వబోయాను. నానమ్మ నవ్వలేదు.

"అరువుదైతే ఏటి బావూ, తప్పేటుంది? మావోడూ అరువుదే ఏసుకెళ్ళాడు. కానీ బొడ్డుకాడ ఏలాడతా ఎల్లాడు. అది ఆడి మెడకి చేయించింది కాదని చూసినోళ్ళకి తెలిసింది. ఎవులూ మోసపోనేదు. నువ్వేటి, నీ కొలతకి కట్టీసుకున్నావు?"

అప్పుడు తెలిసింది. సైకిళ్ళ మీద ఊగిపోయిన ఆ గొలుసులన్నీ చెప్పిన మాట అదే. ఇది నాది కాదు, మీ ముందు కళగా కనపడాలని అడిగి తెచ్చుకున్నాను, అని. నప్పకపోవడమే అందులోని మర్యాద.

"పుస్తకంలో…" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"ఒకరి సొత్తు నీ కొలతకి కట్టుకోమని ఏ పుస్తకంలో రాసుంది బావూ?"

అమ్మాయి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగినట్టు అనిపించింది. నేను తలెత్తలేదు. ఆ సంబంధం కుదరలేదు. కబురు కూడా రాలేదు, అక్కర్లేదు గనక.

ఇది రాయడానికి సాయపడ్డవాళ్ళకు దండాలు పెట్టుకోవాలి. పేర్లు రాస్తే వాళ్ళ ఇళ్ళల్లో నా సంగతి చెప్పుకుని నవ్వుకుంటారు, అందుకని గుర్తులే రాస్తున్నాను. తెగిన దారం చూసి కూడా ఏమీ అడగకుండా గొలుసు అందుకున్న క్రేను ఆపరేటరుకు. నాకోసం కిటికీ పక్క కుర్చీ ఉంచిన లైబ్రరీ ఆయనకు. వెనక చెప్పుకోకుండా నా మొహానే చెప్పిన రిసాలి నానమ్మకు. ఈ కాగితాలు చదివి, "ఇంకా సిగ్గుగా ఉందా?" అని అడిగి, టీ పెట్టడానికి లేచిన నా భార్యకు.

చివరగా నాన్నకు. ఆయన అక్షరం ముక్క చదువుకోలేదు. ఆ రోజు ఆ గదిలో బల్ల మీంచి లేచి, తుండుగుడ్డ భుజం మీంచి తీసి, తనకంటే చిన్నవాళ్ళ ముందు కూడా చేతులు జోడించి, "తప్పైపోనాది, మావోడికి మేం చెప్పుకోనేదు" అన్నారు. క్షమించమని అడగాల్సిన వాణ్ణి నేను. సాసరులోంచి బిళ్ళ తీసి తుడుచుకుంటూ కూర్చున్నాను.